పూసల నాంచారి పిల్ల

ఊఁ కొట్టేవాళ్ళు ముందుకు రండి. నిద్రొచ్చేవాళ్ళు గోడ పక్కకి జరగండి. ఈ కథలో రాజు లేడు, రాజుకి ఏడుగురు కొడుకులూ లేరు. అనగనగా ఒక బుట్ట, ఆ బుట్ట మోసే ఒక మనిషి, ఆ మనిషికి దొరికిన ఒక పిల్ల. ఉన్నది ఇంతే, వినండి.

ఆ మనిషి పేరు నాంచారి. పూసలమ్ముకుని బతికేది. నెత్తిన వెదురుబుట్ట, బుట్టలో నల్లపూసలు, సూదులు, చెక్కదువ్వెనలు, కాటుక భరిణెలు. చంకలో బట్టలమూట. ఆమెకు ఇల్లు లేదు. పుట్టింది దారిలో, పెరిగింది దారిలో, మొగుణ్ణి మట్టి చేసిందీ దారిలోనే. పిల్లలు కలగలేదు. వయసెంతంటే తల నెరిసి, ముందుపళ్ళు ఊడి, నడక మాత్రం సడలని వయసు. "నీ ఇల్లు యాడే నాంచారీ?" అని ఎవరైనా వేళాకోళం చేస్తే నెత్తి మీది బుట్ట చూపించి నవ్వేది.

ఆ దారిలో ఇరుసుపాడు అని ఒక ఊరుంది. బండ్ల ఊరు. అక్కడి మగవాళ్ళంతా పత్తీ మిరపకాయలూ రేవుకి తోలుకుపోయి, ఉప్పు తోలుకొచ్చేవాళ్ళు. దారిలో వాగులు, దొంగలు, పులులు. పోయినవాడు తిరిగొస్తాడో రాడో తెలియని బతుకు. అందుకని ఆ ఊరికి శకునాల పిచ్చి ముదిరిపోయింది. తుమ్మితే ఆగుతారు. కట్టెలమోపు ఎదురైతే వెనక్కి తిరుగుతారు. పిల్లి ఎదురొచ్చిందా, ఇక కాడి దించాల్సిందే.

అంతటితో అయిందా అంటే కాలేదు. బండ్లు కట్టే రోజులు దగ్గర పడ్డాయంటే పిల్లి అనే మాటే ఊళ్ళో ఎవరూ ఎత్తరు. పేరెత్తితే ఎదురొస్తుందని వాళ్ళ భయం. ఆడది ఎత్తితే మొగుడు తిట్టేవాడు, పసివాడు ఎత్తితే వీపు చిట్లేది. చంపితే పాపం చుట్టుకుంటుందని పిల్లిని చంపరు. గోతంలో వేసి, మూడుసార్లు గిరగిరా తిప్పి, వాగు అవతల వదిలేసి వస్తారు. అందుకే ఇరుసుపాడులో ఎలుకలు మునసబు కంటే దర్జాగా తిరిగేవి.

ఒక ఏడు సరిగ్గా పత్తిబండ్లు కట్టే రోజుల్లోనే నాంచారి వాళ్ళ గుంపు ఆ ఊరి పొలిమేరలో దిగింది. ఊరి చివర పాడుబడిన గానుగపాక ఒకటుంది. గానుగవాడు ఎప్పుడో ఊరొదిలి పోయాడు, రాతిగానుగ మిగిలింది. నాంచారి పొయ్యిలోకి చితుకులు ఏరుకుంటుంటే ఆ గానుగ గుంటలోంచి సన్నగా ఏడుపు వినిపించింది. తొంగి చూసింది. అరచేతిలో పట్టేంత పిల్లిపిల్ల. బూడిదరంగు ఒళ్ళు. కళ్ళు అప్పుడే విచ్చాయి, ఇంకా మసకనీలంగా ఉన్నాయి.

నాంచారి దాన్ని ముట్టుకోలేదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని ఆమెకు తెలుసు. ఒక్కోదాన్నీ నోట కరుచుకుని మోస్తుంది. చివరిదాని కోసం మళ్ళీ వస్తుంది. ఈలోగా మనం చెయ్యి పెడితే తల్లి బెదిరిపోతుంది. అందుకని దూరంగా తుమ్మచెట్టు కింద కూర్చుని ఎదురుచూసింది.

పొద్దు నెత్తికెక్కింది. తల్లి రాలేదు. పొద్దు వాలింది. తల్లి రాలేదు. గానుగ అంచు మీద కాకి వాలింది, పక్కన ఇంకోటి వాలింది, మెడలు వంచి గుంటలోకి చూశాయి. అప్పటికీ తల్లి రాలేదు. లోపల ఏడుపు సన్నగిల్లి సన్నగిల్లి ఆగిపోయింది.

 నాంచారి లేచి పరుగెత్తి కాకుల్ని తోలేసింది. పిల్లను తీసి చూస్తే ఒళ్ళు చల్లబడి ఉంది. కొంగులో చుట్టి రొమ్ముకి ఆనించుకుంది. చేత్తో రుద్దింది, నోటితో ఆవిరి పట్టింది, "ఉన్నావా తల్లీ, ఉన్నావా" అని అడిగింది. చాలాసేపటికి అది కాలు కదిపింది. ఆ కదలిక తగిలేసరికి ముసలిదానికి ఏడుపొచ్చింది.

గుంపుపెద్ద వచ్చి చూశాడు. "తిరునాళ్ళకి పోవాల. పొద్దున్నే కదులుతున్నాం. దాన్ని అక్కడే పెట్టేసి రా."

"మీరు పదండి. దీనికో ఇల్లు చూసి ఎనకాలే వస్తా" అంది నాంచారి.

గుంపంతా నవ్వింది. "నీకే ఇల్లు లేదు, దానికి ఇల్లు చూస్తావా?"

"నాకు లేకపోతే పోనీ. కుక్క మనిషిని నమ్ముకుంటది, పిల్లి ఇంటిని నమ్ముకుంటది. నా యెంట తిప్పితే ఏదో ఒక ఊళ్ళో దిగబడిపోయి కుక్కల పాలవుద్ది."

గుంపు వెళ్ళిపోయింది. పాకలో ముసలిదీ పిల్లా మిగిలారు. దానికి కావలసినవి రెండే, ముందు పాలు, తర్వాత ఇల్లు. పాలు ఆలస్యమైతే ఇల్లు చూసినా లాభం లేదు.

నాంచారి కొబ్బరిచిప్ప పట్టుకుని మొదట బండ్లపెద్ద కోటయ్య ఇంటికి పోయింది. వాకిట్లో కోటయ్య ఇరుసుకి ఆముదం పూస్తున్నాడు. ఎద్దుల కొమ్ములకి రంగులేస్తున్నారు. కోటయ్య భార్య తిరుపాలమ్మ చంకలో ఏడాది నిండని మనవరాలు. అత్తాకోడళ్ళిద్దరికీ ఆ పిల్లంటే ప్రాణం, ఎప్పుడూ ఒకరి చంకలోంచి ఒకరి చంకలోకి మారుతూనే ఉండేది.

"తల్లీ, చిప్పలో కాసిని పాలు పొయ్యండి."

"ఎవురికే?" అంది తిరుపాలమ్మ.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాంచారి ఇరుసు వంక చూసింది, ఎద్దుల వంక చూసింది, కోటయ్య మీసాల వంక చూసింది. వచ్చిన మాటలో సగం మింగేసింది.

"పిల్లకి, తల్లీ."

తిరుపాలమ్మ పనిలో ఉంది. సరేనని చిప్ప నింపి పంపింది. పెట్టే చెయ్యే ఆమెది, ఆమెను మనం తిట్టుకోకూడదు.

పాకలోకి వచ్చి నాంచారి ఆ పాలలో సగానికి సగం నీళ్ళు కలిపి గోరువెచ్చన చేసింది. పోస్తే పిల్ల మింగలేదు, ముక్కులోకి పోయి తుమ్మింది. బండ్ల నుంచి రాలిన పత్తి తెచ్చి వత్తి చేసింది. ఆ వత్తి పాలలో ముంచి నోటికందించింది. పిల్ల మొహం తిప్పుకుంది. మళ్ళీ అందించింది. మళ్ళీ తిప్పుకుంది. మూడోసారి పళ్ళులేని చిగుళ్ళతో వత్తిని పట్టుకుని చప్పరించింది. చప్పరించి చప్పరించి పొట్ట గుండ్రంగా చేసుకుంది. తల్లి నాకినట్టు తడిగుడ్డతో పొట్ట కింద తుడిస్తే ఒంటికి కూడా పోసింది. నాంచారి బుట్టలో దువ్వెనలు తీసి పక్కన పెట్టి, పాతకోక ముక్క పరిచి అందులో పడుకోబెట్టింది.

మర్నాడు గోవిందమ్మ అనే ఆవిడ ఇంటికి పోయింది. తిరుపాలమ్మ వాకిట్లో పెళ్ళివాళ్ళలా బండ్లవాళ్ళు కిటకిటలాడుతున్నారు, మళ్ళీ అక్కడికే పోవడం బాగుండదనుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు. గోవిందమ్మ పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు. మిగతా ఊళ్ళలో అది సామెత, ఈ వాకిట్లో అది నిజం.

"అమ్మా, కాసిని పాలు పొయ్యండి."

"ఎవురికంట?"

గోవిందమ్మ వెనకాల ఆమె మొగుడు బండికి పత్తి ఎత్తుతున్నాడు. నాంచారి మళ్ళీ సగం మాట మింగింది.

"పిల్లకమ్మా."

"నీకు పిల్ల యాడిదే? ఈ వయసులో కన్నావా?"

"దొరికిందమ్మా. గానుగ కాడ. తల్లి రాలేదు."

"ఏం చేస్తావు దాన్ని?"

"ఇల్లు చూస్తున్నానమ్మా. మంచి ఇల్లు దొరికితే ఇచ్చేస్తా."

గోవిందమ్మ పాలు పొయ్యలేదు. ఆ మాటలు మాత్రం భద్రంగా దాచుకుంది.

ఖాళీ చిప్పతో నాంచారి వీధి చివరిదాకా నడిచింది. బుట్టలో పిల్ల ఏడుస్తోంది. చివరి ఇల్లు యలమందది. ఒకప్పుడు వాడూ బండి తోలినవాడే. వాగులో బండి తిరగబడి చక్రం కాలు మీంచి పోయింది. ఎద్దుల్ని అమ్మేశాడు. పెళ్ళాం అంతకు ముందే పోయింది. ఒక మేక, ఒక చేతికర్ర, వాడూ.

"అయ్యా, చిప్పలో కాసిని పాలు పొయ్యి."

"ఎవురికక్కా?"

"పిల్లకి" అంది నాంచారి అలవాటుగా. అని, వాకిట్లోకి చూసింది. కాడి లేదు. ఇరుసు లేదు. పలుపుతాడు కూడా లేదు. ఈ ఇంటి నుంచి ఎవరూ ఎక్కడికీ పోరు. ప్రయాణం లేని ఇంటికి శకునమేమిటి? మింగిన సగాన్ని నెమ్మదిగా బయటికి తీసింది.

"పిల్లి పిల్లకయ్యా."

యలమంద వీధిలోకి అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరని తేలాక పగలబడి నవ్వాడు. "ఆ మాట ఇని ఎన్నాళ్ళయిందక్కా! రా, లోపలికి రా." మేకను పిండి చిప్ప నింపాడు. బుట్టలోకి చూసి వేలు అందిస్తే పిల్ల వాడి వేలు చప్పరించింది. "రాత్రి ఎలకలు నా దుప్పటి కొరికినయ్. మాట్లాడే దిక్కు లేదు. దీన్ని నాకియ్యి" అన్నాడు.

నాంచారి మొహం విప్పారింది. ఆ వెంటనే లోపల ఏదో కలుక్కుమంది. అయినా బుట్ట ముందుకి జరిపింది. "ఇదిగో, ఇప్పుడే తీసుకో."

యలమంద వెనక్కి తగ్గాడు. "ఇయ్యాల వద్దక్కా. రేపు తెల్లారే బండ్లు కదులుతున్నయ్. నా గడప ముందు నుంచే పోతయ్. లోపల్నించి ఇది కూసిందంటే ఊరు నన్ను బతకనియ్యదు. బండ్లు పొలిమేర దాటినాక తీసకరా. ఒక్క పూటే గదా."

"ఒక్క పూటే" అంది నాంచారి కూడా. ఆ ఒక్క పూటే కొంప ముంచింది.

తెల్లారింది. శకునం చూసి, కొబ్బరికాయ కొట్టి, గంటలు గణగణమంటూ బండ్లన్నీ కదిలాయి. నాంచారి పాకలోంచి ఆ చప్పుడు విని తృప్తిగా నిట్టూర్చింది. పిల్ల మొహం తుడిచింది, మేకపాలు పట్టింది. గాలాడేట్టు వదులుగా బట్టలమూటలో కట్టుకుంది. బండ్లన్నీ వాగు కూడా దాటేదాకా ఆగితే మేలని గడపలో కూర్చుంది.

నాంచారిని అక్కడ కూర్చోబెట్టి మనం ఒకసారి ఊళ్ళోకి పోయొద్దాం.

బండ్లు వెళ్ళాక కోటయ్య ఇంట్లో సందడి అణిగింది. తిరుపాలమ్మ మజ్జిగ చిలుకుతూ "పిల్ల లేచిందా?" అని కోడల్ని అడిగింది. "మీ దగ్గర లేదా అత్తా?" అంది కోడలు. కోడలి దగ్గరుందని అత్త, అత్త దగ్గరుందని కోడలు. కవ్వం ఆగిపోయింది. ఇల్లు వెతికారు, లేదు. గడ్డివామి వెతికారు, లేదు. బావిలోకి పాతాళగరిగె దించి కలియతిప్పారు. పైకొచ్చిన ప్రతిసారీ కోడలు కళ్ళు మూసుకుంది. గరిగెకి పాత చేంతాడు తగిలింది, పగిలిన బిందె తగిలింది, పిల్ల తగల్లేదు.

అసలు జరిగింది ఏమిటంటే, ఎద్దుల్ని కట్టకముందు బండి ముందుకి ఒరిగి కాడి నేలకి ఆని ఉంటుంది కదా. తెల్లవారుజామున పాకే పిల్ల ఆ వాలు మీదుగా ఎక్కి, కోటయ్య కూర్చునే చోటు వెనక గడ్డిలో పడి నిద్రపోయింది. కోటయ్య చూసుకోలేదు, మీద గొంగడి పరిచి బండి కట్టాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. కానీ ఆ సంగతి అప్పుడు ఊళ్ళో ఎవరికి తెలుసు?

అప్పుడు గోవిందమ్మ నోరు తెరిచింది. "పూసలమ్మి నిన్న నా గడపకొచ్చి పాలడిగింది. ఎవురికే అంటే పిల్లకంది."

"నన్నూ అడిగింది" అంది తిరుపాలమ్మ. ఆమె మొహం పాలిపోయింది.

"దొరికిన పిల్లంట. ఇల్లు చూసి ఇచ్చేస్తదంట."

ఒకావిడ పిల్లను ఎత్తుకుపోయిందంది. ఇంకొకావిడ పిల్లల్ని అమ్మే మనిషంది. మూడో ఆవిడ పక్క ఊళ్ళో కూడా ఇదే చేసిందంది. నిజం గడప దాటేలోగా అబద్ధం ఊరు చుట్టి వస్తుందంటారు. ఆ పూట అబద్ధం ఊరు చుట్టి రావడమే కాదు, చేతికి కర్ర కూడా తెచ్చుకుంది. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, బండ్లతో పోని కుర్రకారు, అందరూ గానుగపాక మీదికి నడిచారు. జనం పరుగెత్తితే కుక్కలు ఊరుకుంటాయా? ఊరికుక్కలన్నీ మొరుగుతూ వెంటపడ్డాయి.

నాంచారికి ముందు కుక్కల అరుపులే వినిపించాయి. లేచి మూటను గట్టిగా పొదువుకుంది. తర్వాత జనం కనిపించారు. పిల్లిని పెంచుతున్న సంగతి ఊరికి తెలిసిపోయిందనుకుంది. గోతంలో వేసి తిప్పి వాగు అవతల పారేయడానికి వస్తున్నారనుకుంది. వాళ్ళ మనసులో ఒక పిల్ల, ఈమె మనసులో ఇంకో పిల్ల.

"పిల్ల యాడే?" అని అరిచింది తిరుపాలమ్మ.

"నా కాడే ఉంది తల్లీ" అంది నాంచారి.

జనం హోరెత్తారు. "ఒప్పుకుంది! ఎందుకు దాచావే?"

"మీకు గిట్టదని దాచానమ్మా. బండ్లు పోయినాక ఇచ్చేద్దామని."

"ఇటియ్యి దాన్ని!"

"ఇయ్యను. మీ చేతికిస్తే చంపేస్తారు. దీనికి తల్లి లేదు."

ఆ మాటకి కోడలు నేల మీద కూలబడి ఏడ్చింది. తల్లి బతికుండగా తల్లి లేదంటే ఏ తల్లికి మాత్రం గుండె ఆగుతుంది? అదే సమయానికి మూటలో పిల్లకి మెలకువ వచ్చింది. కుక్కల వాసన తగిలి సన్నగా, కీచుగా ఏడ్చింది. పసిపిల్ల ఏడుపుకీ ఆ ఏడుపుకీ తేడా తెలియాలంటే నిదానంగా వినాలి. అక్కడ నిదానం ఎవరికుంది?

"పిల్ల ఏడుస్తుంది! మూటలో కట్టింది! విప్పవే మూట!"

కుక్కలు ముందుకి దూకుతున్నాయి. ఒకటి మూట కింది అంచు అందుకోబోయింది. నాంచారి మూటను నెత్తికెత్తుకుంది.

"కుక్కల్ని పట్టుకోండి, విప్పుతా."

ఎవరూ వినలేదు. మొరుగుడులో ఆమె గొంతు కలిసిపోయింది.

"అయ్యా, కుక్కల్ని పొమ్మనండి, విప్పుతా."

ఎవరూ కదల్లేదు. కర్రలు దగ్గరకొచ్చాయి.

"ముందు ఈ కుక్కలు పోవాల! అప్పుడు విప్పుతా!" అని గొంతు చించుకుని అరిచింది.

ఈసారి విన్నారు. వినకపోయినా బాగుండేది. "మనల్ని కుక్కలంటదా!" అన్నారెవరో. పళ్ళులేని నోరు, వణికే గొంతు, చెయ్యి జనం వైపే చూపిస్తోంది. ఊరంతటికీ ఆ మాట తననే అన్నట్టు తగిలింది. కుక్కని పట్టుకున్న చెయ్యి ఒక్కటీ లేదు. రాయిని పట్టుకున్న చెయ్యి మాత్రం ఒకటి లేచింది.

రాయి కణతకి తగిలింది. నాంచారి మూటను కిందికి దించి, దాని మీద బోర్లా పడింది. కుక్కలు మీదికొచ్చాయి, మోచేతిని పీకాయి. ఆమె మూట మీంచి లేవలేదు.

అప్పుడు వీధి చివర్నించి ఒక కేక వచ్చింది. కర్ర పొడుచుకుంటూ, పడుతూ లేస్తూ యలమంద వస్తున్నాడు. జనం తన గడప ముందు నుంచి పోతుంటే విని, కాలు ఈడ్చుకుంటూ వాళ్ళ వెనకే బయల్దేరాడు. ఎంత ఉరికినా కుంటికాలు కుంటికాలే.

"అది పిల్లి! పిల్లి! పిల్లిపిల్లర్రా అది!"

బండ్లు కదిలిన రోజున ఆ ఊళ్ళో ఎవరూ ఎత్తని మాట. వాడు ఊరంతా వినేట్టు మూడుసార్లు ఎత్తాడు. జనం కొయ్యబారిపోయారు. యలమంద చేతికర్రతో కుక్కల్ని బాది తరిమాడు. కర్ర ఆసరా తప్పి తనూ కూలబడ్డాడు. పాకుతూ పోయి నాంచారిని పక్కకి తిప్పి, మూట ముడి విప్పాడు. పాతకోక మడతల్లో బూడిదరంగు పిల్ల, కళ్ళు చికిలించి చూసి నోరు తెరిచింది.

 తిరుపాలమ్మ "మరి నా పిల్ల యాడ?" అని గొణిగింది.

సరిగ్గా అప్పుడే గంటల చప్పుడు. పోయిన బండ్లు తిరిగొస్తున్నాయి. ముందు బండి మీద కోటయ్య, ఒళ్ళో మనవరాలు, దాని జుట్టంతా గడ్డిపరకలు. వాగు దగ్గర పిల్లి ఎదురొచ్చిందట. కాడి దించారట. బండి ముందుకి ఒరిగేసరికి గొంగడి కింద నుంచి పిల్ల జారి ఏడ్చిందట. లేకపోతే ఆ గొంగడి కింద, ఆ ఎండలో ఏమయ్యేదో అంటూ కోటయ్య బండి దిగాడు. ఆ ఎదురొచ్చింది ఈ పిల్ల తల్లే అని ఇరుసుపాడు వాళ్ళు ఒట్టేసి చెబుతారు. కావచ్చు, కాకపోనూ వచ్చు. నేను చూడలేదు.

తిరుపాలమ్మ మనవరాల్ని ఎత్తుకుంది. ముద్దు పెట్టుకోలేదు. చంకలో పిల్లతోనే వచ్చి నాంచారి పక్కన కూర్చుంది. "నాంచారీ, ఎంత పని చేశాం! ఒక్క మాట చెప్పకపోతివా?"

"చెప్పకూడదుగా తల్లీ, మీ ఊళ్ళో" అంది నాంచారి. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే ఎక్కువ కోసింది.

పెదవులు తడుపుకుంది. "పాలు..." అంది.

తిరుపాలమ్మ లేచి పరుగెత్తింది. కోడలు పరుగెత్తింది. గోవిందమ్మ కూడా పరుగెత్తింది. గిన్నెలు తెచ్చారు, చెంబులు తెచ్చారు, కుండకి కుండే తెచ్చారు. ఎవరికి అని ఆ పూట ఒక్కరూ అడగలేదు. తిరుపాలమ్మ గిన్నె నోటికి ఆనిస్తే నాంచారి మొహం పక్కకి తిప్పుకుంది. కళ్ళు మూట వైపు పోయాయి. యలమందకి అర్థమైంది. వత్తి ముంచి పిల్లకి అందించాడు. చిన్న నాలుక, చిన్న చప్పుడు. నాంచారి అది తాగడం చూస్తూ పడుకుంది.

"ఇల్లు..." అంది.

"నా ఇల్లుందక్కా. ఇంకెప్పుడూ రేపు రమ్మనను" అన్నాడు యలమంద, వెక్కి వెక్కి ఏడుస్తూ.

పశువులు ఇళ్ళకొచ్చే వేళకి నాంచారి ప్రాణం పోయింది. పిల్ల పొట్ట నిండి ఆమె మెడ వంపులో నిద్రపోతోంది. లేపడానికి ఎవరికీ చేతులు రాలేదు.

రాయి వేసింది ఎవరని కోటయ్య అడిగాడు. ఒక్కరూ చెప్పలేదు. తిలాపాపం తలా పిడికెడు అని ఊరంతా పంచుకుంది. తిరునాళ్ళ నుంచి గుంపు తిరిగొచ్చి అడిగినప్పుడు ఊరుఊరంతా నేల చూపులు చూసింది. గానుగ పక్కనే ఆమెను మట్టి చేశారు. దారిలో పుట్టిన మనిషికి ఆ ఊరి మట్టిలో చోటు దొరికింది. ఏం దొరికితే ఏం లాభం?

ఆ పిల్ల యలమంద ఇంట్లో పెరిగి, పిల్లల్ని పెట్టి, ఆ పిల్లల్ని ఏడిళ్ళు తిప్పింది. ఇరుసుపాడులో ఏ ఇంటివాళ్ళూ గోతం తియ్యలేదు. ఇప్పటికీ ఆ ఊరి బండ్లకి పిల్లి ఎదురొస్తే కాడి దించరు. "నాంచారీ, నువ్వు పోయినాకే మేము" అని దారిచ్చి, అది దాటాక కదులుతారు. ఎవరైనా కోపంతో ఊగిపోతూ ఎవరి మీదికైనా పోతుంటే పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపుతారు. "ముందు కుక్కల్ని పట్టుకో, తర్వాత మాట్లాడదాం" అంటారు. ఆ మాటకి అర్థం పక్క ఊళ్ళవాళ్ళకి తెలియదు.

ఇంకొకటుంది. ఆ ఊళ్ళో ఎవరు చిప్ప పట్టుకొచ్చి పాలడిగినా పోస్తారు. తెలిసినవాళ్ళయినా, దారినపోయేవాళ్ళయినా, పిచ్చివాళ్ళయినా సరే. ఎవరికి అని మాత్రం అడగరు. ఎప్పుడైనా తెలియని పసిది "ఎవురికమ్మా ఈ పాలు?" అని నోరు జారితే తల్లి గభాలున దాని నోరు మూస్తుంది. చిప్ప నింపి, వచ్చిన మనిషిని గడప దాటేదాకా సాగనంపుతుంది. తలుపు దగ్గరగా వేసి, పసిదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అప్పుడు ఈ కథ చెబుతుంది.